ఏడుగురు తగ్గారు, ఒక్కడు పెరిగాడు

2023 మే నెల. చంద్రపూర్ జిల్లాలో విరూర్ దగ్గర ఒక ఎరువుల గోదాము. వానాకాలం పంటకు ముందు యూరియా, పొటాష్ బస్తాలు లారీల మీద వచ్చి దిగే రోజులు. అప్పటికి ఇరవై రెండేళ్లుగా నేను అక్కడ కాంటా బాబును.

ఆ పని తెలియనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. లారీని సరుకుతో తూస్తే వచ్చేది గ్రాస్. సరుకు దించాక ఖాళీ లారీని తూస్తే వచ్చేది టేర్. గ్రాస్‌లోంచి టేర్ తీసేస్తే మిగిలేది నెట్, అంటే అసలు సరుకు. వినడానికి ఒక తీసివేత లెక్క. కానీ రెండు తూకాల మధ్య డ్రైవరు దిగాడా, డీజిల్ పోయించుకున్నాడా, తార్పాలిన్ మీద నీళ్లు నిలిచాయా అని చూసుకోకపోతే ఆ తీసివేత అబద్ధం చెబుతుంది. నేను మరాఠీ బడిలో పదో తరగతి వరకే చదివాను. ఈ లెక్కలన్నీ పనిలో పడి నేర్చుకున్నవే. నా కాంటా మీదికి వచ్చిన వేల లారీల్లో నాకు గుర్తున్నవి తక్కువ. గుర్తుండిపోయిన తూకం మాత్రం లారీది కాదు, ఒక మనిషిది.

మా గోదాములో బస్తాలు దించే హమాలీలు ఎనిమిది మంది. అందరూ చుట్టుపక్కల ఊళ్ల తెలుగువాళ్లే. ఎనిమిది మందీ కలిసి ఒక ముఠా. దానికి మేస్త్రి మల్లేశన్న. ముఠాలో చోటు అంటే చిన్న సంగతి కాదు. ఒకడు తప్పుకుంటే ఆ సాయంత్రానికి ఇంకొకడు వచ్చి నిలబడతాడు, పోయినవాడికి ఆ చోటు మళ్లీ రాదు. ఆ ఎనిమిదిలో అందరికంటే చిన్న ఒళ్లు లచ్చయ్యది. ముప్పై నాలుగేళ్లు. మాట తక్కువ, పనిలో గడియారం లాంటివాడు.

మే తొమ్మిదిన మధ్యాహ్నం రెండు గంటలకు లచ్చయ్య బస్తాతో సహా కూలబడ్డాడు. పిక్కలు రాయిలా బిగుసుకుపోయాయి. ఊళ్లో సూది వేసే ఆయన దగ్గరికి తీసుకుపోతే సెలైన్ సీసా ఎక్కించాడు. సాయంత్రానికి లేచి కూర్చున్నాడు.

"ఎండదెబ్బ బాబూ. నీళ్లు తక్కువ తాగిండు," అన్నాడు మల్లేశన్న.

నాకూ అదే నిజమనిపించింది. బయట నలభై ఆరు డిగ్రీలు, రేకుల గోదాము లోపల ఇంకా ఎక్కువ. మర్నాడే ఒక పద్ధతి పెట్టాను. లీటరు సీసాలు ఎనిమిది తెచ్చి తడి గోనెగుడ్డ చుట్టించాను. ఒక్కో సీసా మీద ఒక్కో పేరు. దాహం ఉన్నా లేకున్నా గంటకు ఒక సీసా తాగాలి, తాగినప్పుడల్లా గోడ మీది కాగితంలో తన పేరు కింద ఒక గీత గీయాలి.

రెండు రోజుల్లోనే ఏడుగురు దొంగ గీతలు మొదలుపెట్టారు. ఒకడు సగం నీళ్లు నెత్తిన పోసుకునేవాడు. ఇంకొకడు గేటు పక్కన వేపమొక్కకు పోసేవాడు. పట్టుకుంటే, "అది గూడ ముఠాలదే బాబూ, దానికీ ఎండ గొడ్తది," అన్నాడు. నిజమైన గీతలు గీసినవాడు లచ్చయ్య ఒక్కడే. మిగతావాళ్లు నవ్వితే, "బాబు లెక్క గట్టి రాసిండు గద, తాగాలె," అనేవాడు. ఆ మాట విని నేను సంతోషపడ్డాను.

పద్నాలుగున మళ్లీ పడ్డాడు. ఈసారి తలనొప్పి, వాంతులు కూడా. రాజూరాలో ఒక దవాఖానాకు తీసుకుపోయారు. భార్య వెంట ఉంది. మళ్లీ సెలైన్ ఎక్కించారు. మళ్లీ బాగైంది, రెండు రోజుల్లో పనిలోకి వచ్చాడు. ఆ రోజు మా సేఠ్ చంద్రపూర్ నుంచి వచ్చి నన్ను గదిలోకి పిలిచాడు.

"వాడు పొద్దున్నే దారూ వేసుకొని వస్తున్నాడు. ఎండకు అందరూ ఉన్నారు, పడేది వాడొక్కడే ఎందుకు?" అన్నాడు హిందీలో.

"వాసన ఎప్పుడూ రాలేదు సేఠ్."

"ఇంకొక్కసారి పడితే గేటు బయటే. నా గోదాములో ఎవడైనా చచ్చిపోతే నేను ఎవరికి జవాబు చెప్పాలి?"

మాట కటువుగా ఉన్నా, అందులో ప్రశ్న సరైనదే. ఎండ అందరికీ ఒకటే, నీళ్లు అందరికంటే ఎక్కువ తాగేది లచ్చయ్యే. మరి పడేది అతనే ఎందుకు? ఆ తేడా నాకు పట్టుబడకపోతే లచ్చయ్య చోటు పోతుంది, లేదా లచ్చయ్యే పోతాడు.

నాకు వచ్చిన పని ఒక్కటే. తూయడం.

లారీల కాంటా మీద మనిషిని తూయలేం. అరవై టన్నుల కాంటా అది, పది కిలోల కంటే చిన్న తేడా దానికి కనిపించదు. కానీ చిరిగిన బస్తాలు తూయడానికి గోదాములో ఒక చిన్న ప్లాట్‌ఫారం కాంటా ఉంది. యాభై గ్రాముల తేడా కూడా చూపిస్తుంది. ముద్ర వేసిన ఇరవై కిలోల రాళ్లు పెట్టి మొదట దాన్నే పరీక్షించుకున్నాను. సరిగ్గా ఉంది. పద్దెనిమిదిన ఎనిమిది మందినీ పనికి ముందూ తర్వాతా తూశాను. అంకెలు ఎటూ పొసగలేదు. సాయంత్రం కాగితం చూస్తూ కూర్చుంటే తప్పు తెలిసింది. పొద్దున పొడి లుంగీతో, సాయంత్రం చెమటతో తడిసిన లుంగీతో తూశాను. తడిసిన బట్టలు విప్పించి తూస్తే అరకిలో దాటాయి. తార్పాలిన్ మీద నీళ్లు వదిలేసి లారీని తూసినట్టే చేశానన్నమాట.

పందొమ్మిదిన చెడ్డీ తప్ప అన్నీ తీయించి, ఒళ్లు తుడుచుకోమని, తూశాను. ముఠాకు ఇదంతా తమాషా.

"పెండ్లిచూపులకు గూడ ఇంత సూడలేదు బాబూ," అన్నాడు మల్లేశన్న కాంటా ఎక్కుతూ. అతను అరవై నాలుగు కిలోల మూడు వందల యాభై గ్రాములు. లచ్చయ్య యాభై ఎనిమిది కిలోల రెండు వందలు. ఆ రోజు తిన్న తిండి కూడా డబ్బాతో సహా తూసి రాశాను. దొంగ గీతలు వద్దని బతిమాలుకున్నాను.

మూడు గంటలకు మళ్లీ తూశాను. మల్లేశన్న ఒక కిలో ఏడు వందల యాభై గ్రాములు తగ్గాడు. మిగతావాళ్లలో అందరికంటే తక్కువ తగ్గినవాడు తొమ్మిది వందల గ్రాములు, అందరికంటే ఎక్కువ తగ్గినవాడు కిలో తొమ్మిది వందల యాభై. ఏడుగురూ తగ్గారు. ఎండలో పనిచేస్తే చెమట పోతుంది, తగ్గాలి. చివర లచ్చయ్య ఎక్కాడు.

యాభై తొమ్మిది కిలోల ఆరు వందలు.

నేను దింపించి, ఇరవై కిలోల రాళ్లు పెట్టి చూశాను. కాంటా సరిగ్గానే ఉంది. మళ్లీ ఎక్కించాను. అదే అంకె. ఎనిమిది గంటలు ఆ ఎండలో బస్తాలు మోసిన మనిషి కిలో నాలుగు వందల గ్రాములు పెరిగాడు. పొద్దుటి నుంచి అతని పేరు కింద తొమ్మిది గీతలు ఉన్నాయి. అంటే తొమ్మిది లీటర్లు. మిగతావాళ్లు అయిదో ఆరో తాగారు.

అప్పుడు అతని మొహం చూశాను. ఉబ్బి ఉంది. వేలి వెండి ఉంగరం చర్మంలోకి దిగిపోయి ఉంది.

"లచ్చయ్యా, ఎట్లుంది?"

"నెత్తి పలుగుతుంది బాబూ. గీ లారీ... నిన్ననే దింపినం గద?" అన్నాడు. లారీ అరగంట కిందట వచ్చింది. అంటూనే పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు.

మల్లేశన్న పరుగున సీసా తెచ్చి అతని నోటికి ఆనించాడు. "తాగు తమ్మీ, తాగు. మల్ల ఎండ తాకింది."

నేను ఆ సీసా లాక్కున్నాను.

"ఏంది బాబూ గిది? మనిషి పోతుంటె నీళ్లియ్యవా?"

"వద్దు. లోపల నీళ్లు ఎక్కువైనయ్. తక్కువ గాలేదు."

"నీళ్లు ఎక్కువైతె మనిషి పడ్తడా? నువ్వే గద గంటకొకటి తాగుమన్నవ్?"

"నేనే అన్న. తప్పు జెప్పిన. కాంటా సూడు."

అందరూ నన్ను రాక్షసుణ్ని చూసినట్టు చూశారు. నాకు మాత్రం ధైర్యం ఎక్కడిది? చేతిలో ఒక కాగితం, అందులో ఏడు తగ్గుదలలు, ఒక పెరుగుదల. నేను డాక్టరును కాను. కానీ దాహంతో ఎండిపోయినవాడి తూకం పెరగదు, ఇది తీసివేత వచ్చిన ఎవరికైనా తెలుస్తుంది. సేఠ్ జీపు ఆవరణలోనే ఉంది. డ్రైవరును లేపి లచ్చయ్యను ఎక్కించాను. దారిలో ఊళ్లో ఆగి అతని భార్య రాజవ్వను కూడా ఎక్కించుకొని చంద్రపూర్ పెద్ద దవాఖానాకు బయలుదేరాం. గంటకు పైగా ప్రయాణం. ఆ గంటలో లచ్చయ్య తన పేరు రెండుసార్లు తప్పు చెప్పాడు.

దవాఖానాలో ఉన్నది ఒక యువ డాక్టరమ్మ. మరాఠీ ఆమె. నా కాగితం ముందు పెట్టాను. సగం చదివి తలెత్తి, "ఇది రాసింది ఎవరు?" అంది. నేనే అన్నాను. వెంటనే రక్తం తీయించి, రాజవ్వ వైపు తిరిగి ఒక ప్రశ్న అడిగింది.

"మీఠ్ ఖాతో కా?"

రాజవ్వ ఆసిఫాబాద్ వైపు పిల్ల. మరాఠీ అంతంత మాత్రం. తల ఊపి, "ఖాతో, బహుత్ ఖాతో. రోజూ బెల్లం పెడ్త. చెరుకు రసం గూడ తాగుతడు," అంది.

డాక్టరమ్మకు అందులో 'బహుత్ ఖాతో' ఒక్కటే అర్థమైంది. చీటీ మీద రాసుకోబోయింది. నేను ఆపాను. మరాఠీలో మీఠ్ అంటే ఉప్పు, ఉప్పు తింటాడా అని ఆమె ప్రశ్న. రాజవ్వ విన్నది హిందీ మీఠా, అంటే తీపి.

"రాజవ్వా, ఆమె అడిగింది తీపి గాదమ్మా. ఉప్పు."

"ఉప్పా? ఉప్పు యాడిది బాబూ? చప్పిడే తింటుండు గద." అంతలోనే, "రాజూరాల డాక్టరు గూడ గిదే అడిగిండు. గిట్లనే జెప్పిన," అంది.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఫిబ్రవరిలో లచ్చయ్యకు కామెర్లు వచ్చాయి. విరూర్ పక్క ఊళ్లో పోశెట్టి తాత పసరు మందు పోసి, ఉప్పు, నూనె, పప్పు లేని చప్పిడి పథ్యం పెట్టాడు. కామెర్లు పోయాయి. కానీ మా వైపు పథ్యం తనంతట తాను వదలకూడదు. మందు పోసిన చేతితోనే విడుపు ఇవ్వాలి. లేకపోతే రోగం తిరగబెడుతుందని భయం. విడుపు రోజు వచ్చేసరికి పోశెట్టి తాత ఊళ్లో లేడు. కాలు విరిగి కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. లచ్చయ్య చప్పిడి అన్నం తింటూ, గంజి తాగుతూ ఉండిపోయాడు. ముఠాకు చెప్పలేదు. కామెర్లని తెలిస్తే ఉమ్మడి కుండలో నీళ్లు ముట్టనివ్వరని, చోటు పోతుందని భయం. అందుకే డబ్బా విప్పి ఒక పక్కన తినేవాడు.

రక్త పరీక్ష వచ్చింది. సోడియం, అంటే రక్తంలో ఉప్పు పాళ్లు, నూట ముప్పై అయిదుకు తగ్గకూడదు. లచ్చయ్యది నూట పందొమ్మిది.

అతనికి గాఢమైన ఉప్పు నీళ్ల చిన్న సీసా పెట్టించాక డాక్టరమ్మ నాకు బెంచీ మీద కూర్చొని వివరించింది. నాకు అర్థమైనట్టు రాస్తాను. ఒళ్లంతా కంటికి కనిపించని చిన్న గదులు. వాటి గోడలు నీళ్లను అటూ ఇటూ పోనిస్తాయి, ఉప్పును అంత తేలికగా దాటనివ్వవు. ఉప్పు ఎటు ఎక్కువుంటే నీళ్లు అటు నడుస్తాయి. రక్తంలో ఉప్పు పలచబడితే నీళ్లు గదుల్లోకి పోయి గదులు ఉబ్బుతాయి. వేలు ఉబ్బితే చర్మం సాగుతుంది. మెదడు ఉబ్బితే పుర్రె సాగదు. ఆ తలనొప్పి, ఆ తప్పు మాటలు అందుకే.

"ఎక్కువైన నీళ్లను కిడ్నీలు బయటికి తోసెయ్యవా?" అని అడిగాను.

మామూలుగా తోసేస్తాయట. కానీ ఎండలో కష్టం చేసేటప్పుడు మూత్రం తగ్గించమని ఒళ్లే వాటికి కబురు పంపుతుంది. పైగా నీళ్లను బయటికి పంపాలంటే వాటితో పాటు పోవడానికి కొంత ఉప్పు, పప్పు లాంటి తిండిలోంచి వచ్చే కొంత వ్యర్థం కావాలి. గంజి తాగేవాడి దగ్గర ఆ రెండూ లేవు. చెమటలో మాత్రం ఉప్పు పోతూనే ఉంది. మార్చిలో చెమట తక్కువ కాబట్టి గడిచింది. మేలో గడవలేదు. సెలైన్ ఎక్కిస్తే లేచి కూర్చున్నది కూడా అందుకే. అందులో ఉప్పుంది.

"మామూలు ఎండదెబ్బ అయితే నీళ్లు ఆపితే ప్రమాదం. ఈ కాగితం ఉంది కాబట్టి మీరు ఆపింది సరైంది. ఇంకో రెండు సీసాలు పోసి తెచ్చి ఉంటే నేను ఇప్పుడు మీతో ఇలా కూర్చొని మాట్లాడను," అంది ఆమె.

ఉప్పును తొందరగా పెంచకూడదట. అదీ మెదడుకు ప్రమాదమే. మర్నాటికి నూట ఇరవై ఆరు. ఆ మర్నాటికి నూట ముప్పై రెండు. ఆ రోజు లచ్చయ్య నన్ను చూసి, "తేదీ ఎంత బాబూ? ఎన్ని లారీలు దిగినయ్?" అన్నాడు. రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కిటికీ వైపు తిరిగాను.

గెలుపు అక్కడితో పూర్తి కాలేదు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఉప్పు తినమంది. లచ్చయ్య తల అడ్డంగా ఊపాడు.

"పథ్యం ఇడువలే బాబూ. కామెర్లు మల్ల తిరుగుతయ్."

"సచ్చేదాక అయింది గదరా."

"అది ఎండకు. గిది పసరు. రెండు ఏరేరు."

వాదించి లాభం లేదని తెలిసింది. పోశెట్టి తాత కూతురిది కోఠారి. మే ఇరవై నాలుగున దవాఖానా నుంచి నేరుగా అక్కడికే తీసుకుపోయాను. తాత మంచం మీద కాలు చాచుకొని ఉన్నాడు. చెప్పిందంతా విన్నాడు.

"నేను ఎన్ని దినాలు జెప్పిన బిడ్డా?"

"నలభై."

"ఇప్పటికి ఎన్నయినయ్?"

లచ్చయ్య నా వైపు చూశాడు. "నూట ఎనిమిది," అన్నాను. దారిలోనే లెక్కపెట్టి ఉంచాను.

"నువ్వొచ్చి విడుపియ్యాలె గద తాతా," అన్నాడు లచ్చయ్య.

"నా కాలిరిగితె నీ నాలుక కట్టేసుకుంటవా? ఫోను లేదా? నీ పెండ్లాంతోని జెప్పి పంపరాదా?" అని ముసలాయన కోప్పడ్డాడు. ఆ వెంటనే తనే అన్నాడు: "తప్పు నాదే. కబురు నేను పంపాల్సింది. మతికి రాలే."

కూతుర్ని ఉప్పు తెమ్మన్నాడు. చిటికెడు తీసి లచ్చయ్య అరచేతిలో పెట్టాడు. "మింగు. నా ముంగట్నే మింగు. గీ కాంటా బాబు సాక్షి. రాస్కో బాబూ, నూట ఎనిమిదో దినం పోశెట్టి విడుపిచ్చిండని."

లచ్చయ్య నాలుక మీద వేసుకొని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు మింగలేదు. తర్వాత ఆ ఇంట్లోనే పప్పు, మామిడికాయ తొక్కుతో అన్నం తిన్నాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు. రాజవ్వ వద్దంటే, "నూరు దినాల బాకీ," అని నవ్వాడు. అతను నవ్వడం నేను చూసింది అప్పుడే.

మర్నాడు సేఠ్ ముందు ఆ కాగితమూ, దవాఖానా చీటీలూ పెట్టాను. సేఠ్ చీటీలు నమ్మే మనిషి. రెండుసార్లు చదివాడు. "తాగినోడు కాదన్నమాట," అన్నాడు.

"తాగినోడే సేఠ్. నేను తాగమన్న నీళ్లు తాగాడు. తప్పు నాది. ఆయన చోటు ఆయనకు ఉండాలి."

"వారం ఆరాం ఇవ్వు. చోటు ఎవరికీ ఇవ్వొద్దు," అన్నాడు. ఆ చిన్న కాంటాను గోదాము మూల నుంచి తీసి నీళ్ల కుండ దగ్గర పెట్టించమన్నాడు.

గంటకో సీసా కాగితాన్ని నా చేత్తోనే చింపాను. డాక్టరమ్మను అడిగి కొత్త పద్ధతి రాశాను. దాహమైతే తాగడం. మధ్యాహ్నం అంబలిలో ఉప్పు, మజ్జిగ. పనికి ముందూ తర్వాతా తూకం. చాలా తగ్గితే నీళ్లు చాలలేదు. తగ్గక పెరిగితే సీసా పక్కన పెట్టి నన్ను పిలవాలి. జూన్ ఒకటిన లచ్చయ్య మళ్లీ బస్తా ఎత్తాడు. ఆ సాయంత్రం ముఠా అంతా కాంటా చుట్టూ మూగింది. అతను ఎక్కాడు. పొద్దుటికంటే ఏడు వందల గ్రాములు తక్కువ.

"తగ్గిండ్రా," అని మల్లేశన్న అరిచాడు. ఏడుగురూ ఈలలు వేశారు. మనిషి తూకం తగ్గితే అంత సంబరం చేసిన చోటు ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. నేను లోపలికి పోయేదానికి మాత్రమే గీతలు గీయించాను. బయటికి ఏం పోతోంది, ఎంత పోతోంది అని అడగలేదు. మనిషి ఒళ్లు గోదాములా సరుకు నిల్వ పెట్టుకునే చోటు కాదు. చెమటలో, మూత్రంలో, ఊపిరిలో ప్రతి నిమిషం ఇస్తూ, తిండిలో, నీళ్లలో తీసుకుంటూ, ఆ రెండింటి మధ్య నిలబడే చోటు. నీళ్లు మంచివే, ఉప్పు కూడా మంచిదే. కానీ ఎంత అన్నదానికి జవాబు గోడ మీది కాగితంలో ఉండదు, ఎదుటి మనిషిలో ఉంటుంది. అతన్ని చూడాలి, అడగాలి, అతని మాటలోనే అడగాలి.

ఆ ఏడు వానలు పడేదాకా ఇంకా పద్దెనిమిది రోజులు పని నడిచింది. రోజూ ఎనిమిది మంది పేర్లు రాసి, చివరి గడిలో ఆ రోజు పడిపోయినవాళ్ల సంఖ్య వేసేవాణ్ని. పద్దెనిమిది రోజులూ సున్నా. ఇరవై రెండేళ్లలో నేను రాసిన అంకెలన్నిటిలో నాకు నచ్చినవి ఆ పద్దెనిమిది సున్నాలే.